ఎలీసమ్మ చూపించిన సమాధి

ఆ పేరు వినగానే ముసలావిడ చెయ్యి ఆగిపోయింది.

అప్పటిదాకా మిరప కల్లంలో కూర్చుని ఎండుకాయల తొడిమలు తీస్తోంది. చుట్టూ ఎర్రగా పరిచిన కాయలు. నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ.

"జక్రయ్యా?" అంది తలెత్తకుండానే.

"అవును ఎలీసమ్మా. కరువు రోజుల్లో ఈ ఊరి నుంచి మిషను వాళ్ళ అనాథల హాస్టల్లో చేర్చిన పిల్లాడు. ఈయనే. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఒంగోలు నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు," అన్నాడు పాస్టరు మార్క్. "తల్లి సమాధి ఎక్కడుందో నీకేమైనా తెలుసా?"

మార్క్ ఆ ఊరొచ్చి రెండేళ్ళే. పాత సంగతులు కావాలంటే ఎలీసమ్మే చెప్పాలని వాళ్ళని కల్లానికి తీసుకొచ్చాడు.

స్తుతి చెమట తుడుచుకుంది. నెల రోజులుగా సెలవు దొరికితే చాలు, నాన్నని కారులో ఎక్కించుకుని తిరుగుతోంది. అద్దంకి చుట్టుపక్కల నుంచి సత్తెనపల్లి దాకా ఏ చర్చిలో పాత రిజిస్టరుందన్నా వెళ్ళారు. చివరికి దొరికింది ఒకే ఒక్క ముక్క. 'జక్రయ్య, రెండేళ్ళు. తల్లీ తండ్రీ లేరు.' పక్కన ఈ ఊరి పేరు.

అరవయ్యేళ్ళ మనిషి ఆ ముక్క చదివి పసివాడిలా ఏడ్చాడు.

ఎలీసమ్మ లేచింది. ఒళ్ళో కాయలు రాలిపోయినా చూసుకోలేదు. జక్రయ్య మొహంలోకి చాలాసేపు చూసింది.

"తెలుసు. రండి."

కారెక్కమంటే ఎక్కలేదు. పత్తిచేల గట్టు మీద ముందు నడిచింది. అంత ముసలిది, తండ్రీకూతుళ్ళు అందుకోలేనంత వేగంగా నడిచింది.

"పెన్షన్ వస్తదా మేష్టారూ?" అంది వెనక్కి తిరక్కుండా.

"వస్తుంది."

"ఇంక ఎవురూ తీసెయ్యలేరుగా?"

"నా పెన్షన్ ఎవరు తీసేస్తారు పెద్దమ్మా?" నవ్వాడు జక్రయ్య.

ఆమె నవ్వలేదు.

ఊరి చివర ముళ్ళ చిల్లచెట్ల మధ్య సమాధుల దొడ్డి. పాత సమాధులన్నీ నల్లమట్టిలో కుంగిపోయి, నెర్రెలిచ్చి ఉన్నాయి. ఒక్క మట్టిదిబ్బ మాత్రం నున్నగా, నిన్న పూడ్చినట్టుగా ఉంది.

"ఇదే," అంది ఎలీసమ్మ.

స్తుతి దగ్గరికెళ్ళి వంగి చూసింది. "ఇంత కొత్తగా ఉందేంటి మామ్మగారూ?"

"ఏడాదికోసారి నేనే అలుకుతా."

"మీకు చుట్టమా?"

"పక్కిల్లు."

"మా అమ్మ పేరేంటి?" అన్నాడు జక్రయ్య.

"చచ్చిపోయినామె పేరు పలక్కూడదు మేష్టారూ."

జక్రయ్య చెప్పులు విడిచి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చేతులూ ఆ దిబ్బ మీద పెట్టాడు.

"అమ్మా!"

"ఆ."

స్పష్టంగా వినపడింది. చిన్న గొంతు, దగ్గర్నుంచే.

స్తుతి చుట్టూ చూసింది. ఆకు కదలడం లేదు. ఎలీసమ్మ అటు తిరిగి పత్తిచేల వైపు చూస్తోంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

తిరుగు ప్రయాణంలో కారు అద్దంకి దాటింది. జక్రయ్య ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు విన్నావా?"

"ఏంటి నాన్నా?"

"పలికింది."

"గాలి నాన్నా," అంది స్తుతి. గాలి లేదని ఇద్దరికీ తెలుసు.

ఇరవై రోజుల తర్వాత పొద్దున్నే మార్క్ ఫోన్ చేశాడు.

"ఎలీసమ్మ పోయిందండీ. వెనకా ముందూ ఎవరూ లేరు. కొత్త గొయ్యి వద్దు, ఆ సమాధిలోనే పెట్టమని ఒట్టు వేయించుకుంది. అది మీ అమ్మగారిది కదా, మిమ్మల్ని అడక్కుండా గడ్డపార వెయ్యలేం."

"వెయ్యండి," అన్నాడు జక్రయ్య. "మా అమ్మని నాకు చూపించిన మనిషి. ఇద్దరూ ఒక్కచోటే ఉంటారు. మేం బయల్దేరుతున్నాం."

తల్లి ఎముకలు మూటగట్టి మళ్ళీ పెట్టడానికి దారిలో తెల్లటి కొత్త గుడ్డ కొన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి నడుం లోతు తవ్వారు. ఎలీసమ్మ శవం పక్కనే మంచం మీద ఉంది. జక్రయ్య గుడ్డ పట్టుకుని గొయ్యి అంచున నిలబడ్డాడు.

ఛాతీ లోతైంది. ఎముక కాదు గదా, గాజు ముక్క కూడా దొరకలేదు.

తవ్వే మనిషి ఆగి మొహం తుడుచుకున్నాడు. "పైన దిబ్బ ఒక్కటే పోసిన మట్టండీ. కిందంతా గట్టి నేల. ఇక్కడ ఇంతకు ముందు గడ్డపార పడనే లేదు."

స్తుతి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"చోటు తప్పామా?" అన్నాడు జక్రయ్య.

మంచం కోడు పక్కన కూర్చున్న ముసలామె తలెత్తింది. బసవమ్మ. ఎలీసమ్మ ఈడుది, ఆ ఊళ్ళో మిగిలిన ఒక్కతే.

"తప్పలేదయ్యా. తల్లి ఉన్న పిల్లల్ని ఆ హాస్టల్లో చేర్చుకునేవోళ్ళు కాదు. మీ నాయన అప్పటికే పోయాడు, ఇంట్లో గింజ లేదు. నీ పైవోళ్ళిద్దరూ ఆకలికే పోయారు. నువ్వన్నా బతకాలని ఇక్కడ మట్టి పోగేసి, తల్లి పోయిందని నాతో చెప్పించి, నిన్ను నా చేత పంపించింది. అబద్ధం బైటపడితే నీ చదువు పోద్దని, ఆనక నీ ఉద్యోగం పోద్దని నోరు కుట్టుకుని బతికింది."

జక్రయ్య మెల్లగా మంచం వైపు తిరిగాడు.

"మీ అమ్మ అప్పుడు చచ్చిపోలేదు నాయనా," అంది బసవమ్మ. "ఇయ్యాల తెల్లారుజామున పోయింది."