చిటికెన వేలు

పీహెచ్‌డీ మొదలైనప్పటి నుంచీ సంహిత కంప్యూటర్ సృష్టించిన పిల్లలకే పాఠాలు చెప్పింది. వాళ్ళు అలిగేవాళ్ళు, అల్లరి చేసేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు కూడా. చిన్నప్పటి నుంచీ తన చదువూ ఇంట్లో యంత్రం దగ్గరే సాగింది కనుక, నిజం పిల్లలున్న తరగతిలో అడుగుపెట్టడం ఆమెకిదే మొదటిసారి.

పాఠం మధ్యలో ముందు వరసలోని పిల్లాడు చిటికెన వేలు పైకెత్తాడు. పిల్లల సైగల్ని చదివి చెప్పే ఆమె కళ్ళద్దాల మీద ‘సందేహం’ అన్న అక్షరాలు వెలిగాయి.

“డౌట్లన్నీ చివర్లో నాన్నా,” అంది నవ్వుతూ.

వాడు వేలు దించలేదు. ఆమె పాఠం ఆపలేదు. కాసేపటికి బెంచీ కింద నేల తడిసింది. వాడు తల వంచుకుని ఏడుస్తున్నాడు.

“ఆడు ఒంటికెళ్తానని ఇందాకట్నించీ అడుగుతన్నాడు మేడం,” అంది పక్కనున్న పిల్ల.

సంహిత పాఠం ఆపేసింది. కంప్యూటర్ పిల్లల్లో ఒక్కరికీ ఎన్నడూ ఆ అవసరం రాలేదు. గైడ్‌కి ఫోన్ చేసి చెప్పింది.

“ఆ పిల్లాణ్ణి డేటాలోంచి తీసెయ్యమ్మా. పాఠం కానివ్వు,” అన్నాడాయన.

ఆమె నేల తుడిచి, తరగతి వైపు తిరిగింది.

“ఇంకెవరైనా బయటికి వెళ్ళాలా?”

పిల్లలందరూ చేతులు ఒళ్ళో దాచుకున్నారు.

కళ్ళద్దాల మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: ‘సందేహాలు లేవు. పాఠం విజయవంతం.’