సగంలో ఆగిన ప్రార్థన

“నేను రానంటే రాను. ఆ పాటల టీచరమ్మనే తీసుకుపో,” అంటూ తల్లి దుప్పటి కొసలు రెండు కూతురి చేతుల్లో పెట్టి, మిగిలిన రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడిచింది.

ఆసుపత్రి లాండ్రీలో పని మానేసి ఏళ్లు గడిచినా, దుప్పటిని ఒక్క మనిషే మడతపెట్టడం ఆమెకు ఇప్పటికీ తప్పుగానే తోస్తుంది. చెరోవైపు పట్టుకోవాలి, బిగించి లాగాలి, ఎదురెదురుగా నడిచి రావాలి. ఈ గదిలోనే, ఈ కిటికీ వెలుతురులోనే, మంచమంత ఎత్తు కూడా లేని పిల్లకు ఆ పని నేర్పింది. బిడ్డకు తాను సవ్యంగా నేర్పినది అదొక్కటేనని ఆమె నమ్మకం.

సాయంత్రం ప్రార్థన మందిరంలో తల్లుల సమావేశం. అందులో కూతురు మొదటిసారి మాట్లాడబోతోంది. అక్కడొక పద్ధతి ఉంది: దేవుడు మొర వింటాడన్న నమ్మకం తనకు ఎవరివల్ల కలిగిందో, మాట్లాడే మనిషి వారిని వెంటబెట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకోవాలి.

“టీచరమ్మ నాకు పాటలు నేర్పింది, అంతే. పక్కన కూర్చోవలసింది నువ్వేనమ్మా.”

“నన్ను చూపించి ఏం చెబుతావే? రోజూ నీ పడక దగ్గర ప్రార్థన మొదలుపెట్టి, సగంలో గుర్రుపెట్టిన మహాతల్లి ఈవిడేనండీ అనా?”

“గుర్రు మరీ అంత పెద్దది కాదులే,” అని కూతురు నవ్వింది.

తల్లి చేతుల్లో దుప్పటి వదులైంది.

“అంటే... నీకు తెలుసా?”

“బిగించి పట్టుకోమ్మా. మడత వంకర పోతోంది.”

పట్టుకుంది కానీ, ఆమె చూపు మంచం మీదికి పోయింది. ఆ రోజుల్లో లాండ్రీ ఆవిరికి ఉబ్బిన తన వేళ్ల మధ్య ఆ చిన్న చెయ్యి. ఎంత కడుక్కున్నా పోని సబ్బు వాసన. బిడ్డ కళ్లు మూసుకునే ఉండేది గనుక తనకంటే ముందే నిద్రపోయిందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. “దేవా, నా బిడ్డను...” అన్నంతవరకే గుర్తు. చల్లగా చూడమని అడగాలి, చదువు ఇమ్మని అడగాలి, ఇంకా ఎన్నో అడగాలి. ఏనాడూ అక్కడిదాకా వెళ్లనేలేదు. తెల్లవారి మెలకువ వచ్చేసరికి మోకాళ్లు నేల మీద, తల మంచం అంచున, పిల్ల కప్పుకోవలసిన రగ్గు తన భుజాల మీద. నిద్రమత్తులో బిడ్డ రగ్గు కూడా లాక్కున్నానే అని రోజంతా తనను తాను తిట్టుకునేది.

“గోడకవతల పక్కింటావిడ తన పిల్లలచేత ప్రార్థన చివరిదాకా చెప్పించేది,” అంది తల్లి గొంతు తగ్గించి. “అది వినబడినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక్కగానొక్క పిల్ల కోసం నాలుగు మాటలు అడగలేకపోయాను. సగం మాట చెప్పి వాలిపోయే మనిషితో దేవుడు మాత్రం ఎంతకాలమని వేగుతాడు? పిలిచి అవమానించకే, నీకు పుణ్యముంటుంది.”

ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వచ్చారు. కొసలు కలిశాయి. కూతురు కొసలను తీసుకోలేదు. వాటిని పట్టుకున్న తల్లి చేతులనే పట్టుకుంది.

“నువ్వు కళ్లు మూసుకుని మొదలుపెట్టగానే, నేనూ లోపల్లోపలే ఒక ప్రార్థన మొదలుపెట్టేదాన్ని.”

“నువ్వా? ఎవరు నేర్పారే?”

“ఒకరు నేర్పాలా? ఒకే ఒక్క కోరిక. రోజూ అదే. ఏ రోజూ దేవుడు కాదనలేదు. ఆయన వింటాడని నాకు అప్పుడే గట్టిగా తెలిసిపోయింది.”

“ఏమడిగావేంటి? బొమ్మా?”

“బొమ్మా ఒకసారి అడిగాను. అది మాత్రం రాలేదు.”

“మరి?”

“‘దేవుడా, పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. మా అమ్మని నిద్రపుచ్చు.’”