మా గుమ్మం ముందు దిగిన హెన్నింగ్

ఆగస్టు 17, సోమవారం. మోసపోయిన నా మనవడికి ఊరు రేపు సన్మానం చేస్తోంది. నన్ను మాట్లాడమన్నారు. అందుకే జరిగింది రాసి పెడుతున్నాను.

నిన్న సైకిల్ పందెం చివరి రోజు. జర్మనీలో సౌవర్లాండ్ కొండల్లోని మా ఊరి మీదుగానే సాగింది. పందెగాళ్ళలో ఒక మర్యాద ఉంది. సొంత ఊరు వచ్చినవాణ్ణి ముందుకు వదులుతారు; అతను దిగి ఇంటివాళ్ళను పలకరించి వచ్చేదాకా ఎవరూ వేగం పెంచరు. ఏళ్ళ తరబడి జట్టు కెప్టెన్‌కు నీళ్ళ సీసాలు మోసిన హెన్నింగ్ ఈసారి పందెం మొత్తం లెక్కలో మొదటిసారి అందరికంటే ముందున్నాడు.

మా గుమ్మం ముందు దిగి నన్ను కౌగిలించుకున్నాడు.

"గెలిచేవాడు దిగుతాడట్రా? ఎక్కు!" అన్నాను.

"ఉండవే అమ్మమ్మా, చెమట కంపని అసహ్యమా?" అంటూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చిన్నప్పుడు కూడా వాడు నన్ను అంతసేపు పట్టుకోలేదు. నాకు కళ్ళు తడిశాయి.

అంతలో గుంపు మమ్మల్ని దాటి దూసుకుపోయింది. దాని ముందున్నది వాడి కెప్టెనే. పందెం అతనే గెలిచాడు. ఊరంతా అతణ్ణి తిట్టిపోసింది.

సాయంత్రం హెన్నింగ్ ఫోన్ చేశాడు. "ఆ దగాకోరు మీద ఫిర్యాదు చెయ్యి," అన్నాను.

"ఏమని చెయ్యనే? పొద్దున టిఫిను దగ్గరే చెప్పాడు. గుంపు దాటేదాకా నీ దగ్గరే ఉంటే వచ్చే ఏడాది జట్టులో చోటు ఇప్పిస్తానన్నాడు. ఈ వయసులో నన్నింకెవరు తీసుకుంటారు?"

ఇక జరగవలసినవి:

1. రేపటి సభలో నేను మాట్లాడను.
2. ఈ సంగతి ఊరికి హెన్నింగే చెప్పాలి.
3. ఆదివారం భోజనానికి రావాలి. వడ్డిస్తాను. నన్ను ముట్టుకోకూడదు.