పైవాడకు పరుగు

"ఎవరే నన్ను తోసింది?"

ఊట దగ్గర నీళ్ళడబ్బా నింపుకుంటున్న ఫెలిస్తా వెనక్కి తిరిగి కసిరింది.

"నిన్నెవరూ తోయలేదు పిన్నీ. నిన్న తాగిన అరటికల్లు ఇంకా దిగలేదేమో!" అంది కొకుహిర్వా.

ఆడవాళ్ళంతా నవ్వారు.

ఆ నవ్వు ఆగకముందే నీళ్ళడబ్బాలు వాటంతటవే ఒరిగిపోయాయి. కాళ్ళ కింద ఏదో పెద్ద లారీ వెళ్తున్నట్టు నేల గుర్రుమంది. గాలి లేకుండానే అరటిచెట్లు ఊగాయి. గుట్ట మీద ఇళ్ళ రేకులన్నీ ఒక్కసారిగా గలగలలాడాయి.

సరస్సు ఒడ్డునున్న బుకోబాలో పుట్టి పెరిగిన ఆ ఆడవాళ్ళలో ఎవరికీ అదేమిటో తెలియలేదు. ఒకరు పిడుగన్నారు. ఒకరు సరస్సు పొంగిందన్నారు.

"భూమి కదుల్తోందే!" అని ఫెలిస్తా అరిచింది.

కొకుహిర్వాకు ఒక్కటే గుర్తొచ్చింది. ఇంట్లో మంచం మీద నిద్రపోతున్న చంటివాడు, అలిండా. డబ్బా నింపుకుని వెంటనే వచ్చేద్దామని తలుపు చేరవేసి వచ్చింది.

పరుగెత్తింది. దారంతా ఎర్రటి దుమ్ము. ఇళ్ళ ముందు నిలబడి జనం తమ వాళ్ళను పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. కొందరికి జవాబు వస్తోంది. కొందరికి రావడం లేదు.

ఇంటి వెనకగోడ లేదు. ఇటుకలన్నీ మంచం మీదే ఉన్నాయి.

"అలిండా!"

వట్టి చేతులతో ఇటుకలు లాగింది. నేల మళ్ళీ వణికింది. మిగిలిన గోడలోంచి మట్టి జలజలా రాలింది. పక్కింటి అద్వెంతినా వచ్చి ఆమెను నడుం పట్టుకుని బయటికి ఈడ్చింది.

"వాడు లోపల లేడే! ఆవిడ ఎత్తుకుపోయింది!"

"ఎవరు? ఎవరెత్తుకుపోయారు?"

"సరస్సులోని దీవి నుంచి వచ్చిన ఆ మనిషి! ఎవరితోనూ మాట్లాడకుండా తలొంచుకు పోతుందే, ఆవిడ. నా కళ్ళతో చూశాను. మీ ఇంట్లో దూరి, వాణ్ణి గుడ్డలో చుట్టుకుని పైకి పరుగు తీసింది. పిలుస్తున్నా తిరిగి చూడలేదు."

కొకుహిర్వాకు ఊపిరి వచ్చినట్టే వచ్చి మళ్ళీ ఆగింది.

మోటార్ సైకిల్ నడిపే కైజాగే ఆ మాట విన్నాడు.

"ఎక్కు వదినా. ఎంత దూరం పోతుందో చూద్దాం!"

గుట్ట సగం ఎక్కేసరికి ఆమె కనిపించింది. గుండెలకు గుడ్డ మూట అదుముకుని, చెప్పుల్లేని కాళ్ళతో పరుగెడుతోంది. కైజాగే బండిని అడ్డంగా ఆపాడు. రోడ్డు మీదున్న జనం చుట్టూ మూగారు.

"దొంగదానా! ఊరంతా ఏడుస్తుంటే పిల్లల్ని ఎత్తుకుపోతావా?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

ఆమె అలిండాను తనే గుడ్డలోంచి విప్పి తల్లి చేతుల్లో పెట్టింది. ఎగశ్వాసలో మాట సరిగ్గా రాలేదు.

"నా బిడ్డ... నా బిడ్డ..."

"నీ బిడ్డా? విన్నారా దీని ధైర్యం?"

కొకుహిర్వా ఆమె చెంప మీద ఛెళ్ళున కొట్టింది.

"పెద్దలొచ్చేదాకా దీన్ని కదలనివ్వకండి!" అన్నాడు కైజాగే.

ఇద్దరు మనుషులు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆమె పెనుగులాడింది. మోకాళ్ళ మీద కూలబడింది. ఏదో దీవి భాషలో అరుస్తూ గడ్డంతో పైకి చూపించింది.

"ఆ వైపు పారిపోదామనా?" అని ఎవరో ఎకసెక్కెంగా అన్నారు.

పెద్దలెవరూ రాలేదు. అందరూ ఎవరి కష్టంలో వాళ్ళున్నారు. చాలాసేపటికి నేల మూడోసారి కదిలింది. పట్టుకున్నవాళ్ళు భయపడి వదిలేశారు. ఆమె లేచి, వెనక్కి చూడకుండా పైకే పరుగెత్తింది.

"పోనీలే, పీడ విరగడైంది" అంది కొకుహిర్వా, కొడుకును గుండెలకు హత్తుకుని.

సాయంత్రం వాడంతా బంతాట మైదానంలో చాపలు వేసుకుని కూర్చుంది. ఇళ్ళలోకి వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చిన్న చప్పుడైనా అందరూ లేచి నిలబడుతున్నారు.

కొకుహిర్వా పిల్లవాడి ఒళ్ళంతా తడిమి చూసింది. జుట్టు నిండా ఇటుక దుమ్ము. ఒక్క గీత కూడా పడలేదు.

మంచం చూసి వచ్చిన కైజాగే గొంతు తగ్గించి అన్నాడు.

"నుజ్జునుజ్జయింది వదినా. వీడు అక్కడే ఉండి ఉంటే..."

అద్వెంతినా తల దించుకుంది.

"ఆవిడ గడప దాటాకే గోడ కూలిందే. అప్పుడు నాకేమీ తోచలేదు."

కొకుహిర్వా తన అరచేతిని చూసుకుంది. ఆ రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు.

తెల్లారగానే అలిండాను వీపున కట్టుకుని గుట్ట ఎక్కింది. కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగాలి. పేరైనా తెలుసుకోవాలి.

పైవాడ చివర, నేలకూలిన అద్దె ఇంటి పక్కన, అరటితోటలో ఒక ముసలాయన పార కడుక్కుంటున్నాడు. కాస్త దూరంలో ఆమె కూర్చుని ఉంది. చేతులకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఆమె ముందు కొత్తగా పోసిన మట్టిదిబ్బ, చాలా చిన్నది.

కొకుహిర్వా ముసలాయన వైపు తిరిగింది.

"ఎవరు తాతా?"

"కూతురమ్మా. ఇంకా నడక కూడా రాలేదు. ఈ అమ్మాయి వచ్చి చెప్పేదాకా లోపల పసిది ఉందని మాకెవరికీ తెలియదు. అందరం కలిసి తీశాం. అప్పటికి ఒళ్ళింకా వెచ్చగానే ఉంది."

ముసలాయన పార అరటిచెట్టుకు ఆనించాడు.

"ఇంత ఆలస్యమైందేం తల్లీ అని అడిగితే, దారిలో ఎవరి బిడ్డో ఏడుస్తుంటే తీయడానికి ఆగానంది, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు."