ఆకుపచ్చ చీర ఆవిడ

"ఎవరీమె?" అంది మయూరి, వేలు లాప్‌టాప్ తెరకు ఆనించి.

సైదులు తల ఎత్తలేదు. ఆన్‌లైన్‌లో ఫోటోలకు జాగా నిండిపోయిందని నెల రోజులుగా హెచ్చరికలు వస్తుంటే, కామాఠిపురాలో వరస గదుల చాలీలోని తమ ఒంటి ఖోలీలో కూర్చుని, పొద్దుటి నుంచి వాటిని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాడు. టీ ఇవ్వడానికొచ్చిన భార్య కంట పడిందా ఆకుపచ్చ చీర ఆవిడ. ఒక్క ఫోటో కాదు, వరసగా పాతిక. ఒకదాంట్లో తల దువ్వుకుంటోంది, ఇంకోదాంట్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మయూరి టీ గ్లాసును లాప్‌టాప్ పక్కన ఠక్కున పెట్టింది. పెళ్లయిన ఆరేళ్లలో తనను అలా నిలబెట్టి ఒక్క ఫోటో తీసిన పాపాన పోలేదు ఈ మనిషి. గ్రాంట్ రోడ్ స్టేషన్లో టికెట్లిచ్చే పిల్ల అతన్ని చూసి నవ్విందన్నా ఆమెకు ముద్ద దిగదు. అలాంటిది ఈవిడెవరో ఏకంగా హార్డ్ డిస్క్‌లో కాపురం పెడుతోంది. ముక్కు వంకర, చీర ముతకది. నవ్వు మాత్రం బాగుంది, అందుకే మరింత ఒళ్లు మండింది.

ఏడ్చింది. తిట్టింది. పుట్టింటికి, అంటే కింది అంతస్తుకు, పోతానంది. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికం వచ్చాక ఇంకేం సంసారమని నిలదీసింది.

అంతా విన్నాక సైదులు నోరు విప్పాడు. "పై ఖోలీ ఎల్లయ్య పెండ్లాం, చంద్రమ్మ. మహబూబ్‌నగర్ల ఉంటది. ఊరికి పోయినప్పుడు ఆయన తీసుకున్నడు."

"ఆయన ఫోన్లవి నీ దగ్గరికెట్లొచ్చినయి?"

చాలీలో ఈమెయిల్ ఉన్నది సైదులొక్కడికే. ఫాక్‌లాండ్ రోడ్డు మీది విక్కీ దుకాణంలో ఎవరు ఫోన్ కొన్నా, ఈమెయిల్ అడిగితే, అందరికీ ఒకటే నల్లా ఉన్నట్టు, 'మా సైదులన్నది పెట్టు' అనేవారు. విక్కీ పెట్టేసేవాడు. అలా తమ రెండింటితో కలిపి పద్నాలుగు ఫోన్ల ఫోటోలు వచ్చి సైదులు ఖాతాలో పడుతున్నాయి. ఇప్పుడు ఎవరివి వాళ్లకు విడదీస్తున్నానని చెప్పాడు.

మయూరి మనసు తేలికపడింది. కళ్లు తుడుచుకుని, సిగ్గుగా నవ్వి, తప్పంతా దుకాణం వాడి మీదకు నెట్టింది.

"ఎవడో ఆ విక్కీ. గింత సోయి లేకుంటెట్ల?"

సైదులు చల్లారిన టీ తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"విక్కీతోటి నువ్వు దిగినయి వేరే పెట్టిన."