గోవా సరుకు

“సార్, మీ కాళ్లు మొక్కుత! నన్ను జైల్ల ఏస్తె ఏయుండ్రి గని, నా లారీని వేలానికి పెట్టకుండ్రి!”

సీతారాములు ఎక్సైజ్ స్టేషన్ గచ్చు మీద సాగిలపడ్డాడు. పక్కన అతని భార్య సుమిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కిటికీలోంచి చూస్తే గోడవారగా దుమ్ము కొట్టుకుపోయిన వాళ్ల లారీ కనిపిస్తోంది. ఇల్లు నడిచేది దాని మీదే. అది పోతే ఇద్దరూ రోడ్డున పడాల్సిందే.

“ముందు లేవయ్యా నువ్వు,” అన్నాడు ఎస్సై ఉపేంద్ర. అతను ఈ స్టేషన్‌కు బదిలీ మీద వచ్చి వారం కూడా కాలేదు. “గోవాలో విస్కీ కొని, రెండు పెట్టెలు సీటు కింద దాచి, ఇక్కడ కట్టాల్సిన పన్ను ఎగ్గొట్టి ఎల్బీనగర్ దాకా తెచ్చావ్. పోయిన నెల చౌరస్తాలో దొరికిపోయావ్. మందుతో పాటు బండి కూడా పోతుంది. నేనేం చెయ్యను?”

“దిల్‌సుఖ్‌నగర్ల ఒగలింట్ల దావత్ ఉన్నదంటె తెచ్చిన సార్. ఒక్కపారి ఆశపడ్డ.”

“దొరికినవాళ్లందరికీ అదే మొదటిసారి,” అన్నాడు ఎస్సై విసుగ్గా. “శంకరయ్యా, ఆ పెట్టెలు పట్రా. పాత సార్ శాంపిల్ తియ్యకుండానే వెళ్లిపోయారు. ఇవాళే తీసి ల్యాబుకి పంపేద్దాం.”

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ కానిస్టేబుల్ శంకరయ్య స్టోరు గది తాళం తీసి, నడుం పట్టుకుని మూలుగుతూ రెండు పెట్టెలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సుమిత్రమ్మ కళ్లు మూసుకుని కర్మన్‌ఘాట్ హనుమంతుణ్ణి తలుచుకోవడం మొదలుపెట్టింది. ఆ సమయంలో ఆమెకు అంతకంటే పెద్ద ఆఫీసరు ఎవరూ తట్టలేదు.

ఎస్సై ఒక సీసా మూత తిప్పాడు. వాసన చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ చూశాడు. చివరికి వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు.

“ఇదేంటి? టీ డికాషన్!”

ఇంకో సీసా తీశాడు. అదీ డికాషనే. పెట్టెలు రెండూ ఖాళీ చేసి, సీసాలన్నీ వరసగా పెట్టి ఒక్కొక్కటే మూత తీశాడు. ఒక్కదాంట్లోనూ విస్కీ చుక్క లేదు.

“సీలు సూడుండ్రి సార్, అన్ని ఊడిపోయినయ్,” అన్నాడు శంకరయ్య చాలా బాధగా. “పక్కా డూప్లికేట్ సరుకు. లారోళ్లు దొరికితే చాలు, గట్లనే ముంచుతరు.”

సీతారాములుకు రోషం పొడుచుకొచ్చింది. “గట్లెట్లయితది సార్! నా కండ్లతోని సీలు సూసి మరీ కొన్న. అస్సలు సరుకు అది! నన్ను మోసం జేసెటోడు ఇంకా…”

మాట పూర్తికాలేదు. సుమిత్రమ్మ మడమ అతని కాలి మీద బలంగా దిగింది.

“అయ్యో, నీ అమాయకత్వం పాడుగాను! నిన్ను ముంచిండ్రయ్యా! టీ నీళ్లు అంటగట్టిండ్రు నీకు!” అంటూ ఆమె భర్త కళ్లలోకి గుచ్చి చూసింది.

కాలి నొప్పి తలకెక్కాక సీతారాములుకు సంగతి అర్థమైంది. “అవు సార్,” అన్నాడు నీరసంగా. “మస్తు మోసపోయిన.”

ఎస్సై తల పట్టుకున్నాడు. “డికాషన్ తెచ్చినవాడి మీద ఏ సెక్షన్ పెట్టమంటారు? ఎవరికైనా అమ్మి ఉంటే చీటింగ్ కేసన్నా పెట్టేవాణ్ని. ఇది ల్యాబుకి పంపితే డిపార్టుమెంటంతా నన్ను చూసి నవ్వుతుంది.” కాసేపు పెన్ను ఆడించి, లారీ తాళాలు బల్ల మీదికి విసిరాడు. “తీసుకుపో నీ బండి. ఇంకోసారి కనిపించావంటే మాత్రం ఊరుకోను.”

సుమిత్రమ్మ భోరుమంది. “మీ పిల్లజెల్ల సల్లగుండాలె సార్!” అని ఎస్సైకి దండం పెట్టింది. బయటికొచ్చి కర్మన్‌ఘాట్ వైపు తిరిగి పెట్టింది. గోవా ఎటువైపుందో తెలియక నాలుగు దిక్కులకూ తిరిగి పెట్టింది.

“ఆడెవడో గని, మోసం జేసి మనల బతికిచ్చిండు. నూరేండ్లు సల్లగ బతకాలె,” అంది కళ్లు తుడుచుకుంటూ.

సీతారాములు లారీ తలుపు నిమిరాడు. దుమ్ము చేతికంటుకుంది. కళ్లు నిండాయి. నిలువునా ముంచినవాడి మీద ఇంత ప్రేమ పుడుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

“ఇగ సచ్చినా గా పని జెయ్యనే. నీ మీద ఒట్టు,” అన్నాడు భార్యతో.

“నా మీద ఎందుకు, నీ మీద ఏసుకో,” అంది సుమిత్రమ్మ. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వారు.

ఇన్నాళ్లూ కదలకపోవడంతో బ్యాటరీ చచ్చిపోయింది. స్టేషన్లో ఉన్నవాళ్లంతా వచ్చి తోశారు. నడుం నొప్పి మాట మరిచిపోయి అందరికంటే గట్టిగా తోసింది శంకరయ్యే. ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. తుర్కయంజాల్‌లో ఇంటి ముందు ఈ లారీ మళ్లీ ఆగుతుందంటే సుమిత్రమ్మకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.

శంకరయ్య పరుగున వెళ్లి గేటు తెరిచాడు. సీతారాములు బండి ఆపి, కిటికీలోంచి వంగి రెండు చేతులూ జోడించాడు.

“అన్నా, నీకు సుత దండం. ఇన్నొద్దులు నా బండిని, సామాను పైలంగ సూసుకున్నవ్.”

“నాకెందుకు తమ్మీ, నేనే నీకు దండం పెట్టాలె.” శంకరయ్య అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించాడు. “గని ఇంకోపారి తెస్తే జర రంగులేని మందు తే. గా విస్కీ రంగు కుదిరేటట్టు డికాషన్ కాశి కాశి నా పాణం మీదికొచ్చింది!”