దూరం 3.0

"సుంకన్నా, కుందుర్పి దాటినావా?"

"దాటి అరగంటయిందన్నా! ఫోన్లో మ్యాపు రాలేదు. తెరంతా తెల్లగా ఉండాది. యాడికి పోవల్లో చెప్పు!"

ఆఫీసు పెద్ద నాగేశ్వర ఆ అంబులెన్సు డ్రైవర్ను లైన్లోనే ఉండమన్నాడు. అనంతపురంలో వాళ్ల ట్రస్టు నడిపే పద్నాలుగు అంబులెన్సులకు దారి చూపించే ప్రోగ్రాం పొద్దున ఎనిమిదింటికి రోజూలాగే ఆపి లేపబోతే లేవలేదు. వచ్చిన పిలుపులన్నిటినీ నోటిమాట మీద ఎలాగో సర్దుతున్నారు. ఒక్కటి మాత్రం చేతికి అందడం లేదు. పదింటికి బయమ్మ అనే ఆమె ఫోన్ చేసి, "శెనక్కాయ చేన్లో మా ఈరన్నను పాము కరిసింది సామీ, కుందుర్పి కాడ..." అంటుండగానే లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఆమె ఏ చేలో నిలబడి మాట్లాడిందో తెలిపే సందేశం వచ్చే ఉంది. ప్రోగ్రాం లేస్తే తప్ప అది తెరుచుకోదు. లేపిన ప్రతిసారీ ప్రోగ్రాం కుప్పకూలుతోంది.

"సార్, ఇంటర్వ్యూకొచ్చిన పాప పదిన్నర నుంచి కూచోనుండాది. పంపిచ్చేద్దునా?" అన్నాడు వీరేష్. ఆ ఆఫీసుకు ఉన్న ఒకే ఒక్క ప్రోగ్రామర్ అతను. మూడు గంటలుగా కుర్చీలోంచి లేవలేదు.

నాగేశ్వర సరేననబోయి ఆగాడు.

"లోపలికి పిలువు. కొత్త కండ్లకు ఏమన్నా కనపడుతుందేమో. పరీక్షని చెప్దాం. నిజమని తెలిస్తే ఆ బిడ్డకు చేతులాడవు."

సువార్త వచ్చింది. కంబదూరు పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన చుడీదారు, చేతిలో ఫైలు. ఫైలు తెరవబోతుంటే నాగేశ్వర వద్దన్నాడు.

"అవన్నీ తర్వాత చూద్దాంలేమ్మా. ఇదో ప్రోగ్రాం, పరీక్ష కోసం పెట్టింది. నిన్నటిదాకా నడిచింది, ఈ పొద్దు నడవదు. మావాళ్లెవరూ అక్షరం ముట్టలేదు. అరగంటలో లేపల్ల."

ఆమె కూర్చుని తెర మీది ఎర్ర అక్షరాలు చదివింది. చదువుతూండగానే ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"భయపడొద్దమ్మా, పరీక్షే గదా."

సువార్త తలెత్తలేదు. "ఇందులో 'దూరం' అని ఒక ప్యాకేజీ ఉండాది సార్, అందరూ వాడుకునేదానికి నెట్లో పెట్టిన ముక్క. రెండు చోట్ల నడుమ ఎంత దూరమో లెక్కేసేది. మ్యాపు భాగానికి దాని రెండో వెర్షనే కావల్ల. మెసేజీల భాగమేమో ఏది కొత్తగా వస్తే దాన్ని తెచ్చుకుంటాది. ఇప్పుడు మూడోది వచ్చింది. ప్రోగ్రాంలో ఒకటే ఉండే వీలుంది, కొత్తదే నిలబడింది. మ్యాపు అడిగే లెక్క కొత్తదాంట్లో తీసేసిండారు."

"నిన్నటి కాపీ పెట్టినా పడిపోయిందే?" అన్నాడు వీరేష్.

"అదీ లేచేటప్పుడు కొత్తదాన్నే తెచ్చుకుంటాదన్నా. అట్లా పెట్టిండారు."

వీరేష్ నాగేశ్వర వైపు చూశాడు. కొత్త వెర్షన్ రాగానే దానంతటదే తెచ్చుకునేట్టు పెట్టమని పోయిన సంవత్సరం పట్టుబట్టింది నాగేశ్వరే.

ఆయనకు ఒళ్లు మండింది. "నడిచేదాన్ని ఎందుకు తీసినాడంట ఆ రాసినోడు?"

"పాతదైపోయిందని... చూసేదానికి శుభ్రంగా ఉంటుందని," గొణిగింది సువార్త.

"శుభ్రమా! ఎవడో పనీపాటా లేనోడు. నా చేతికి దొరకల్ల!"

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. కొత్త వెర్షన్ అడిగినచోట పాతదాన్ని ఇమ్మని రాసి ప్రోగ్రాం లేపింది. మ్యాపు వచ్చింది, ఈసారి మెసేజీలు పడిపోయాయి. నాగేశ్వర నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె ముట్టలేదు. మెసేజీల ప్యాకేజీ పాత వెర్షన్లు ఒక్కొక్కటే వెతికింది. నాలుగోది 'దూరం' రెండుతో సర్దుకుంది. రెంటినీ అక్కడే కదలకుండా బిగించి మళ్లీ లేపింది.

మ్యాపు విచ్చుకుంది. కుందుర్పికి పడమర, రోడ్డుకు దూరంగా, ఒక ఎర్ర చుక్క.

"సుంకన్నా! వచ్చిందా?"

"వచ్చిందన్నా, వచ్చింది! ఆరు కిలోమీటర్లు. పోతాండా!"

వీరేష్ బల్ల మీద తల వాల్చేశాడు. నాగేశ్వరకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సువార్త మాత్రం ఆ చుక్క మీంచి చూపు తిప్పలేదు.

ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ మోగింది. సుంకన్న గొంతు బాగా తగ్గిపోయి ఉంది.

"నేను పోయేపొద్దుకే అయిపోయిందన్నా. ఇంకా ఒళ్లు వెచ్చగా ఉండాది. ఆయమ్మ నా చొక్కా పట్టుకోని, ఇంతసేపు యాడికి పోయినావని అడుగుతాంది. ఏం చెప్పల్ల?"

నాగేశ్వర ఫోన్ కింద పెట్టాడు. ఆయన సువార్త ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"నీకు అబద్ధం చెప్పినానమ్మా. ఇది పరీక్ష కాదు."

"తెలుసు సార్."

"ఎప్పుడు తెలిసింది?"

"తెర చూసినప్పుడే."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. ఇంత తెలిసీ ఆ చేతులు ఆగకుండా పని చేశాయా! సొరుగులోంచి ఉద్యోగపు కాగితం తీసి, పేరు రాసి, సంతకం పెట్టి ముందుకు తోశాడు.

"సోమవారం వచ్చెయ్. నువ్వు లేకుంటే ఇంకా ఎంతమంది పోయేవాళ్లో."

ఆమె కాగితం అందుకోలేదు. లేచి నిలబడింది.

"ఒక్కటి చెప్పమ్మా. వీరేష్ మూడు గంటలు కిందామీదా పడినాడు. నువ్వు రెండు నిమిషాల్లో ఎట్లా పట్టుకున్నావు?"

సువార్త ఆ కాగితాన్ని ఆయన వైపు వెనక్కి జరిపింది.

"ఈ ఇంటర్వ్యూలో మీకు చూపించుకుందామని, నిన్న సాయంత్రం ఆ 'దూరం' మూడో వెర్షన్ రాసి నెట్లో పెట్టింది నేనే సార్."